నేను సగమే రాసిన మాట

ఈమధ్య మా పాత ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరిన డాక్టరమ్మ ఒకరు ఫోన్ చేశారు. "మేడం, వానలు మొదలయ్యాయి. జనానికి సీజన్ జాగ్రత్తలు చెప్పమంటున్నారు. మీరు చాలా ఏళ్లు చెప్పారు కదా, ఏం చెప్పమంటారు?" అని అడిగారు.

చెప్పాను. నీళ్లు నిలవనివ్వకండి, కాచి తాగండి, జ్వరం వస్తే సొంత వైద్యం వద్దు. అవన్నీ ఆమెకు తెలిసినవే. ఫోన్ పెట్టేశాక మాత్రం, ఆ అమ్మాయికి పనికొచ్చే విషయం ఒక్కటీ చెప్పలేదనిపించింది. ఎందుకంటే అది చెప్పాలంటే ముందు నా గురించి చెప్పాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేనొక మనిషిని చూసి అసూయపడ్డాను. ఆ అసూయలో ఒక తప్పు చేశాను. దానివల్ల ఒక వంటమనిషి ప్రాణం మీదికి వచ్చింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నా సర్వీసులో పనికొచ్చే పాఠం అదే. మిగతావన్నీ పుస్తకాల్లో ఉన్నాయి.

ఆమె పేరు సుగుణ

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు వెళ్తుంటే లోపలి సందుల్లో ఉండేది మా కేంద్రం. ముందు గదిలో నా ఓపీ, పక్కన టీకాల గది, వెనక రేకుల షెడ్డు. ప్రతి గురువారం ఆ షెడ్డులో జనాన్ని కూర్చోబెట్టి ఆ కాలానికి తగ్గ ఆరోగ్య సలహాలు చెప్పాలి. నేను మెడికల్ ఆఫీసర్ని. సుగుణ ఏఎన్ఎం, అంటే ఇంటింటికీ తిరిగి టీకాలు, గర్భిణులు, జ్వరాల సంగతి చూసుకునే ఉద్యోగి. నాకంటే రెండేళ్లు చిన్న. బోరబండలో ఉండేది. నేను శ్రీనగర్ కాలనీలో. మా వాళ్లది తెనాలి దగ్గర. పెళ్లయి హైదరాబాద్ వచ్చి ఇన్నేళ్లయినా నా మాటలో ఆ యాస పోలేదు.

గురువారం సలహాల కోసం నేను చాలా కష్టపడేదాన్ని. ఒక్కో కాలానికి ఒక్కో కరపత్రం స్వయంగా రాశాను. వానాకాలం కరపత్రంలో పన్నెండు అంశాలు. తప్పొక్కటి లేదు. ఇప్పటికీ అందులో అక్షరం మార్చాల్సిన పని లేదంటాను. అది చదివి వినిపిస్తుంటే జనం తలలూపేవారు. కొందరు గోడకు ఆనుకుని నిద్రపోయేవారు.

నాకు వేరే పని పడినప్పుడు సుగుణ చెప్పేది. ఆ రోజు నేను ఓపీలో కూర్చుని ఉంటే షెడ్డులోంచి నవ్వులు వినిపించేవి. పేషెంటు గుండె మీద స్టెతస్కోప్ పెట్టి నేను వెనక షెడ్డులో ఎవరు నవ్వుతున్నారో వినేదాన్ని. సెషన్ అయ్యాక ఏదో పని ఉన్నట్టు వెళ్లి చెప్పుల లెక్క చూసేదాన్ని. నా గురువారం కంటే ఆమె గురువారం గుమ్మం దగ్గర చెప్పులు ఎప్పుడూ ఎక్కువే. డాక్టరు చేయాల్సిన పనేనా అది? కాదు. చేశాను.

సందుల్లో ఆమెతో కలిసి నడిస్తే ఇంకా కష్టంగా ఉండేది. "సుగుణక్కా, జర లోపటికి రా" అని ప్రతి గుమ్మం నుంచీ పిలుపు. ఒకరు పుంటికూర కట్ట చేతిలో పెడతారు. ఒకరు జడలో పూలు తురుముతారు. నన్ను చూడగానే కొంగు సర్దుకుని "నమస్తే మేడం" అనేవారు. ఆ నమస్తే నాకు చెంపదెబ్బలా తగిలేది. ఎంబీబీఎస్ చదివింది నేను. వీళ్ల పిల్లల నిమోనియాలు పట్టుకున్నది నేను. పూలు ఆమెకు.

ఇంట్లో ఒకసారి ఈ మాట అంటే మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే, "నీకు పూలు కావాలంటే చెప్పు, తెస్తాను" అన్నారు. ఆ తర్వాత ఇంట్లో ఈ ఊసెత్తలేదు.

ఎండల్లో తాగని నీళ్లు

ఒక వేసవిలో శ్రీనగర్ కాలనీలో మా ఇంటికి రెండు వీధుల అవతల పెద్ద అపార్ట్‌మెంటు కడుతున్నారు. అక్కడి కూలీలు వరసగా నా ఓపీకి వస్తున్నారు. తలనొప్పి, కండరాలు పట్టేయడం, కళ్లు తిరగడం. ఆడవాళ్లయితే మూత్రంలో మంట. నేను స్వయంగా సైటుకి వెళ్లి, ఇసుక కుప్ప పక్కన నిలబడి చెప్పాను. గంటకోసారి నీళ్లు తాగండి, దాహం వేసేదాకా ఆగకండి, ఓఆర్ఎస్ కలుపుకోండి, మిట్టమధ్యాహ్నం నీడలో ఉండండి. అందరూ "సరే మేడం" అన్నారు. మరుసటి వారం అదే ఆడవాళ్లు అదే మంటతో మళ్లీ వచ్చారు.

నాకు కోపం వచ్చింది. "చెప్పినా వినరు ఏంటి వీళ్లు?" అన్నాను. సుగుణ రెండ్రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం సైటుకి వెళ్లి ఆ ఆడవాళ్ల పక్కన కూర్చుని టిఫిన్ డబ్బా విప్పింది. తింటూ తింటూ అడిగిందట, "పొద్దుగాల్నుంచి ఎన్నిసార్లు పోయిన్రు పాస్‌కి?" అని.

ఆడవాళ్లు నవ్వారు. ఒకామె చెప్పింది, "ఏడికి పోవాలక్కా? ఈడ అంతా మగోళ్లే ఉన్నరు. అందుకే నీళ్లు తాగం. ఇంటికి పోయినంకనే తాగుతం."

ఇన్ని వేసవులు నీళ్లు తాగమని చెప్పాను. తాగిన నీళ్లు ఎక్కడికి పోతాయని ఒక్కసారి కూడా అడగలేదు. సుగుణ మేస్త్రీతో గొడవపడి, కడుతున్న ఆ బిల్డింగులోనే కింది అంతస్తులో ఒక బాత్రూముకు తలుపు పెట్టించి, నీళ్లు పెట్టించింది. ఆ నెలలో ఆ సైటు నుంచి మంటలతో వచ్చేవాళ్లు దాదాపు ఆగిపోయారు.

ఈ సంగతి తెలిసి నాకు సంతోషం కలగాలి. కలగలేదు. మాసబ్ ట్యాంక్‌లోని మా పైఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన మా అధికారి ఆ కథ విని, "మీ సుగుణమ్మ బంగారమండీ, మీరు అదృష్టవంతులు" అని నాతోనే అన్నారు. నేను నవ్వి, "అవునండీ" అన్నాను. నాకు ఆ ప్రశ్న ఎందుకు తట్టలేదన్నది నా బాధ కాదు. ఆమెకు తట్టిందన్నదే బాధ.

బొప్పాయి ఆకు

ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. అమీర్‌పేట సందుల నిండా కోచింగ్ సెంటర్లు, వాటిని నమ్ముకుని హాస్టళ్లు. డాబాల మీద మూతల్లేని ట్యాంకులు, తీసేసిన కూలర్లు, కిందన సంపులు. డెంగీకి ఇంతకంటే ఏం కావాలి. జనానికి డెంగీ అనగానే బొప్పాయి ఆకు రసం గుర్తొస్తుంది. నేను గురువారాల్లో అది మూఢనమ్మకమని గట్టిగా చెప్పేదాన్ని.

ఒకరోజు నేను టీకాల గది గుమ్మం దాకా వచ్చేసరికి లోపల సుగుణ ఒక తల్లితో మాట్లాడుతోంది. కొడుక్కి జ్వరం. ఆకు రసం పోయొచ్చా అని ఆ తల్లి అడిగింది.

"పోస్తే పొయ్యి తల్లీ, నేనొద్దంటలేను. కానీ గది మందు కాదు. మందని నమ్మి రక్తపరీక్ష ఎగ్గొడితే మాత్రం నేనూకోను. రేపు పొద్దుగాల్ల పిల్లగాన్ని దీస్కొని రావాలె. మా డాక్టర్ మేడం చూడాలె."

ఈ మాటంతా నేను విన్నాను. మొదటి మాట నుంచి చివరి మాట దాకా. అప్పటికప్పుడు నాకు అర్థమైంది కూడా, ఇది నా పద్ధతి కంటే మంచిదని. వద్దు అని కసిరితే ఆ తల్లి రసమూ పోస్తుంది, పరీక్షకూ రాదు.

అదే సాయంత్రం తలుపు వేసుకుని కూర్చుని మాసబ్ ట్యాంక్ ఆఫీసుకి ఉత్తరం రాశాను. మా కేంద్రం ఏఎన్ఎం డెంగీ అనుమానిత రోగులకు బొప్పాయి ఆకు రసం తాగించమని సలహా ఇస్తున్నారని, ఇది శాస్త్రీయ వైద్యానికి విరుద్ధమని, ఆమెను ప్రజల్లోకి పంపడం ప్రమాదకరమని రాశాను. ఆమె అన్న మాటలో సగమే రాశాను. మంచి తెలుగులో, కొట్టివేతలు లేకుండా, గుండ్రని అక్షరాలతో రాశాను. అబద్ధమని ఎవరూ అనలేరు. ఆమె ఆ మాట అన్న సంగతి నిజమే కదా.

రెండు వారాల్లో ఆర్డర్ వచ్చింది. సుగుణను డిప్యుటేషన్ మీద మాసబ్ ట్యాంక్ ఆఫీసులో ఫైళ్ల పనికి వేశారు. ఆమె ఆ కాగితం పట్టుకుని నా గదిలోకి వచ్చింది.

"నేనేమన్న తప్పు జేసిన్నా మేడం?"

"పైనుంచి వచ్చిన ఆర్డరు సుగుణా. నా చేతిలో ఏముంది?" అన్నాను.

ఆమె ఆ కాగితం మడతపెట్టింది. తర్వాత అల్మారా తాళాలు బల్ల మీద పెట్టి, "జ్వరాల బుక్కు కిందరల ఉన్నది మేడం. జర చూస్తుండుండ్రి" అని వెళ్లిపోయింది. ఆ బుక్కు నేను తెరవలేదు.

మణెమ్మ

ఇక గురువారాలన్నీ నావే. మొదటి వారం జనం బాగానే వచ్చారు. రెండో వారం తగ్గారు. మూడో వారం ఒక ముసలామె షెడ్డులోకి తొంగిచూసి, "సుగుణక్క ఏది?" అని అడిగింది. లేదన్నాను. "అయితే మల్లొస్త" అని వెళ్లిపోయింది.

ఆ రోజుల్లోనే మణెమ్మ వచ్చింది. అమీర్‌పేటలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. నలభై ఏళ్లుంటాయి. రెండ్రోజులుగా తీవ్రమైన జ్వరం, కళ్ల వెనక నొప్పి, ఒళ్లంతా విరగ్గొట్టినట్టు ఉందంది. పరీక్ష చేయిస్తే డెంగీ. ప్లేట్‌లెట్లు అప్పటికి పర్వాలేదు. నేను చేయాల్సినవన్నీ చేశాను. పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్ర వేసుకోవద్దన్నాను. నీళ్లు, మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగుతూ ఉండమన్నాను. రోజూ వచ్చి రక్తం చూపించుకోమన్నాను. చివరికి నా కరపత్రం చేతిలో పెట్టి, "ఇందులో అన్నీ ఉన్నాయమ్మా, జాగ్రత్తగా చదువుకో" అన్నాను.

ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి నడుం దగ్గర దోపుకుంది. మణెమ్మకు చదువు రాదు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మూడో రోజు వచ్చింది. నాలుగో రోజు వచ్చింది. ఐదో రోజు రాలేదు. సాయంత్రం రిజిస్టర్ చూస్తుంటే ఆ ఖాళీ నా కంటపడింది. ఇక్కడ నేను రాస్తున్నది ప్రతి కొత్త డాక్టరూ జాగ్రత్తగా చదవాలి. 'జ్వరం తగ్గి ఉంటుంది, అందుకే రాలేదు' అనుకుని రిజిస్టర్ మూసేశాను.

డెంగీలో అసలు ప్రమాదం జ్వరం తగ్గాకే మొదలవుతుంది. జ్వరం దిగిన ఆ ఒకటి రెండు రోజుల్లోనే రక్తనాళాల్లోంచి నీరు కారిపోయి, బీపీ పడిపోయి, మనిషి ఉన్నట్టుండి చేతికి అందకుండా పోవచ్చు. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, ఎక్కడైనా రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం, మూత్రం తగ్గడం, మత్తు. వీటిలో ఏది కనిపించినా అదే క్షణంలో ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇది నాకు తెలియనిదా? నా కరపత్రంలో తొమ్మిదో అంశం అదే. రాసింది నేను. అయినా జ్వరం తగ్గి ఉంటుందని నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోయాను.

ఆ సాయంత్రం

మర్నాడు సాయంత్రం ఆరున్నరకి కేంద్రం మూయబోతుంటే గుమ్మంలో ఆటో ఆగింది. సుగుణ దిగింది. డ్రైవర్ సాయంతో మణెమ్మను దించుతోంది. మణెమ్మ పెదాలు తెల్లబడి ఉన్నాయి. ముఖానికి చెమట. చేయి పట్టుకుంటే ఐసులా ఉంది.

"జ్వరం లేదు మేడం, నిన్న పొద్దుగాల్లనే తగ్గిందట. కడుపునొస్తుందని మెడికల్ షాపుల గోలీ దెచ్చి ఏస్కున్నదట. వంటింట్ల గోడకు ఆనుకొని ఉల్లిగడ్డలు కోస్తున్నది. చేయి ముట్టుకుంటే నాకు పానం పోయినంత పనయింది."

బీపీ చూశాను. చాలా తక్కువగా ఉంది. నాడి అందీ అందకుండా కొట్టుకుంటోంది. సెలైన్ పెట్టబోయాను. నరం దొరకలేదు. రెండో చేతికి ప్రయత్నించాను. అక్కడా దొరకలేదు. సుగుణ నా చేతిలోంచి సూది తీసుకుంది. మణెమ్మ ముంజేతిని రెండుసార్లు తట్టి, మూడోసారికి నరంలోకి ఎక్కించింది. నేను సెలైన్ ఎక్కించి, అంబులెన్సుకి ఫోన్ చేసి, దగ్గర్లోని పెద్దాసుపత్రిలో తెలిసిన డాక్టరుకి కేసు చెప్పాను. అంబులెన్సు వచ్చేలోగా మణెమ్మ ఒకసారి కళ్లు తెరిచి, "సుగుణక్కా, పోకు" అంది.

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ మనిషి చావుబతుకుల్లో ఉంది. ఆమెను ఆ స్థితికి తెచ్చినదాంట్లో నా వంతు ఎంతో నాకు తెలుసు. అయినా ఆ పిలుపు విన్నప్పుడు నా గుండెలో పాత మంటే రేగింది. నన్నెందుకు పిలవలేదు అని. అసూయ అంత మొండిది.

సుగుణ అంబులెన్సు ఎక్కింది. నేను మణెమ్మను పడుకోబెట్టిన బెంచీ మీద కూర్చుని, కింది అరలోంచి జ్వరాల బుక్కు తీశాను. ఒక్కో పేజీలో ఒక్కో పేరు. పేరు పక్కన ఇల్లు గుర్తు, ఏం పని చేస్తారు, చదువు వచ్చా రాదా. ఆఖరి గడిలో ఒకటే ప్రశ్న. జ్వరం తగ్గిన రోజు ఎప్పుడు? ఆ తేదీ తర్వాత వరసగా రెండు టిక్కులు. అంటే రెండు రోజులు వెళ్లి చూసి వచ్చిందన్నమాట.

పెద్దాసుపత్రి వరండా

మణెమ్మ నాలుగు రోజులు ఐసీయూలో ఉంది. రెండో రోజు పొద్దున్న డాక్టర్లు గండం గడిచిందన్నారు. వరండాలో సుగుణ, నేను పక్కపక్కన కూర్చున్నాం. ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తూ రోజూ అమీర్‌పేటలో బస్సు దిగి, పాత జ్వరాల ఇళ్లు, హాస్టళ్లు రోజుకొన్ని చుట్టి వెళ్తోందని అప్పుడే తెలిసింది. చేయమని ఎవరూ చెప్పలేదు. ఆ పనికి జీతమూ లేదు.

"సుగుణా, నీ డిప్యుటేషన్ సంగతి..." అని మొదలుపెట్టాను.

"ఎరికే మేడం."

"ఏం తెలుసు?"

"మీరు రాసిన కాగితం నా టేబుల్ మీదికే వచ్చింది. ఆడ నా పని ఫైళ్లే కదా. నేను చేరిన మూడో రోజు. మీ అక్షరాలు దూరంకెల్లే గుర్తుపట్టిన. ఫైల్ల పెట్టింది సుత నేనే."

అప్పటికి నెల దాటింది. మధ్యలో రెండుసార్లు ఏవో రిజిస్టర్లు తేవడానికి మా కేంద్రానికి వచ్చింది. నవ్వుతూ నమస్తే పెట్టింది.

"కోపం రాలేదనుకోకుండ్రి. మస్తు వచ్చింది. ఇంటికి పోయి ఏడ్చిన. మీరు నా మీద ఏం రాసినా నేను ఏమనకపోదును. కానీ సగం మాట ఎందుకు రాసిన్రు మేడం? మొత్తం రాయాలె గదా."

"మొత్తం రాస్తే నిన్ను అక్కడి నుంచి తీసేవారు కాదు" అన్నాను. ఇన్నేళ్లలో ఆమెతో నేను మాట్లాడిన మొదటి నిజం అదేనేమో. "నువ్వు చెప్తే జనం వింటారు. నేను చెప్తే వినరు. అది చూస్తూ ఉండలేకపోయాను."

సుగుణ ఐసీయూ తలుపు వైపే చూస్తూ అంది.

"నాకు సుత మీ మీద కుళ్లు ఉండె. మీరు రక్తం కాగితం ఒక్కసారి చూసి ఏం రోగమో చెప్పేస్తరు. నేను ఇరవై ఏండ్లు ఇల్లిల్లు తిరిగినా నాకు గది రాదు. మా నాయిన ఇంకో నాలుగేండ్లు సదివిస్తే నేను సుత గా కుర్చీల కూసునేదాన్ని గదా అని మీ రూముకు వచ్చినప్పుడల్లా అనుకునేదాన్ని. మీ కరపత్రం ఉన్నది చూడుండ్రి, గది మొత్తం నాకు నోటికొస్తది."

"నా కరపత్రమా?"

"పన్నెండు చెప్తే జనాలకు ఒక్కటి సుత గుర్తుండదు మేడం. అందుకే నేను తొమ్మిదో దాన్ని పట్టుకున్న. వానకాలం మొత్తం గదొక్కటే చెప్తుంటి. జ్వరం తగ్గినంక రెండు రోజులు నాకు కనవడాలె, అని."

నేను తలదించుకున్నాను. క్షమించమని అడిగాను.

"మాఫ్ చేసిన అని నేననను మేడం. అంటే అబద్ధమైతది. నన్ను మల్ల మన దవాఖానకు తెప్పియ్యుండ్రి. ముందు గది జేయుండ్రి."

మాసబ్ ట్యాంక్‌లో

రెండో ఉత్తరం రాయడానికి మొదటిదానికంటే చాలా ఎక్కువ సమయం పట్టింది. సుగుణ ఆ తల్లితో అన్న మాట పూర్తిగా రాశాను. మొదటిసారి సగమే రాశానని, కావాలనే అలా చేశానని రాశాను. అది పట్టుకుని నేనే మాసబ్ ట్యాంక్ వెళ్లాను.

అధికారి రెండుసార్లు చదివారు. "డాక్టరుగారూ, ఇది ఫైల్లో పెడితే మీ సర్వీసు మీద మచ్చ పడుతుంది. ఆవిణ్ణి వెనక్కి పంపడానికి ఇంకో కారణం ఏదైనా రాయొచ్చు కదా. స్టాఫ్ తక్కువగా ఉన్నారనండి" అన్నారు. చెడ్డవారు కాదు. నన్ను కాపాడాలనే అన్నారు. నా సర్వీసులో నేను చూసిన చాలామంది పైఅధికారులు ఇలాంటివారే. నిజం చెప్పడానికి వచ్చినవాళ్లకు చల్లగా ఒక పక్కదారి చూపిస్తారు. ఒక్క క్షణం ఆ దారి నన్ను లాగింది కూడా.

"వద్దు సార్. స్టాఫ్ తక్కువని రాస్తే ఆవిడ మీద ఆ మొదటి కాగితం అలాగే ఉండిపోతుంది" అన్నాను.

నాకు మెమో ఇచ్చారు. ఇవ్వాల్సిందే. సుగుణ వెనక్కి వచ్చేసరికి చలికాలం వచ్చేసింది. అంతవరకు జ్వరాల బుక్కు పట్టుకుని నేను తిరిగాను. మొదటి రోజు మూడు ఇళ్లకే కాళ్లు నొప్పులు పుట్టాయి. నాలుగో ఇంట్లో ఒకామె నన్ను చూసి కంగారుగా కొంగు సర్దుకుంది. ఏం మాట్లాడాలో తెలియక, "ఏం వండావమ్మా?" అన్నాను. ఆమె చెప్పింది. ఆ తర్వాత ఇంకో అరగంట ఏదో చెబుతూనే ఉంది.

మీకు చెప్పాలనుకున్నవి

సుగుణ తిరిగి వచ్చాక పని పంచుకున్నాం. ఒక్కో కాలానికి ఒక్కటే మాట. ఏది ఎంచుకోవాలో ఇద్దరం కూర్చుని తేల్చేవాళ్లం, కొన్నిసార్లు గట్టిగా పోట్లాడుకుని. ఎండాకాలం, నీళ్లు తాగినవాళ్లు పోవడానికి చోటు ఉందా చూడాలి. వానాకాలం, జ్వరం తగ్గాక మళ్లీ చూపించుకోవాలి. చలికాలం, ఆయాసం ఉన్నవాళ్లు చెత్తమంటల దగ్గర కూర్చోకూడదు, ఎండ వచ్చాకే బయటికి రావాలి. షెడ్డులో ఆమె చెప్పేది. ఏదైనా రోగం వివరించాల్సి వస్తే నన్ను పిలిచేది. కరపత్రం మాత్రం నేను మానలేదు. చదువొచ్చినవాళ్లకు అది కావాలి. కాకపోతే ఇచ్చే ముందు చదువొచ్చా అని అడగడం నేర్చుకున్నాను.

కొత్తగా వచ్చేవాళ్లకు నాకు తోచినది ఇదే. మీరు చెప్పింది ఎందుకు చేయలేదని రోగిని అడిగే ముందు, చేయడానికి ఏం అడ్డొచ్చిందో అడగండి. ఓపీకి వచ్చినవాళ్లను ఎవరైనా చూస్తారు. సాయంత్రం రిజిస్టర్ మూసే ముందు, రావాల్సి ఉండీ రానివాళ్లెవరో చూడండి. మీ కింద పనిచేసేవాళ్లు మీకంటే బాగా చేసే పని ఒకటైనా ఉంటుంది. అది చూసినప్పుడు మీకు కడుపుమంట రావచ్చు. వస్తుంది. నాకు రాకుండా పోలేదు. సుగుణ వెనక్కి వచ్చాక కూడా ఆమె గురువారం చెప్పులు లెక్కపెట్టాను. ఆ మంటతో పెన్ను పట్టుకోకండి. అంతకుమించి మంచితనం నేను నేర్పలేను, నా దగ్గర లేదు.

మణెమ్మ కోలుకుని మళ్లీ అదే హాస్టల్లో వంటకు చేరింది. ఆమెకు నా ఉత్తరం సంగతి తెలియదు. చెప్పాలని రెండుసార్లు వెళ్లి, చెప్పలేక టీ తాగి వచ్చేశాను. ఇది నేను ఇంకా పూర్తి చేయని పని.

బోరబండలో ఒక గురువారం

నేను రిటైరైన రెండేళ్లకు సుగుణ కూడా రిటైరైంది. ఇంట్లో కూర్చోలేదు. వాళ్ల బస్తీలోనే కమ్యూనిటీ హాల్లో తనంతట తానే గురువారాలు మొదలుపెట్టిందని విని, పోయిన వానాకాలం చూడటానికి వెళ్లాను. చెప్పలేదు, ఊరికే వెళ్లాను.

నేను వెళ్లేసరికి హాలు నిండింది. సుగుణ నన్ను గమనించలేదు. జుట్టు బాగా నెరిసింది. గొంతు మాత్రం అదే. గోడవార చాప మీద చోటు దొరికితే మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూర్చున్నాను. ఆమె ఏదో అంది, అందరూ గొల్లున నవ్వారు. నా గుండెలో ఆ పాత ముల్లు కలుక్కుమంది. ఈ వయసులో కూడా! నాకే నవ్వొచ్చింది.

పక్కనున్న నడివయసు ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"మీరు ఈ బస్తోళ్లు కారు గదా. యాడ ఉంటరు?"

"శ్రీనగర్ కాలనీలో."

"నౌకరీ చేసెటోళ్లా?"

డాక్టర్ని అనే మాట నోటిదాకా వచ్చింది. అలా అంటే ఆమె లేచి నమస్తే పెడుతుంది, ముందు వరసలోంచి కుర్చీ తెప్పిస్తుంది, సుగుణ మాట ఆగిపోతుంది, హాలంతా నా వైపు తిరుగుతుంది. ఒకప్పుడు నేను కోరుకున్నది అదే.

"సుగుణమ్మ దగ్గర పనిచేశానమ్మా" అన్నాను.

"అట్లనా" అంది ఆమె. "అయితే జర జరుగుండ్రి. మా అత్త సుత కూసుంటది."

జరిగాను.